కూరలో కరివేపాకా, కూరే అదా? తూర్పు ఆసియా మెటల్‌లో ఏది ముందు వినాలి

మా పెద్దమ్మ మనవడికి మెటల్ పిచ్చి, అంటే కరెంటు గిటార్లూ డ్రమ్ములూ హోరెత్తించే బరువైన రాక్ సంగీతం పిచ్చి. ఇంజనీరింగ్ రెండో ఏడు, హాస్టల్లో ఉంటాడు. పోయిన నెల రాత్రి పదకొండింటికి ఫోన్ చేసి, "బాబాయ్, చైనా ఫిడేలు ఉండే బ్లాక్ మెటల్ ఒకటి చెప్పవా? యూట్యూబ్‌లో కొడితే బోలెడు వస్తున్నాయి. పైన డ్రాగన్ బొమ్మ, మొదట అర నిమిషం ఫిడేలు, ఆ తర్వాత మామూలు మెటలే" అన్నాడు.

వాడి గోల న్యాయమైనదే. కాకపోతే "చైనా ఫిడేలు" అని ఒక్క ముక్కలో తేల్చేసిన దాంట్లో తైవాన్ ఉంది, మంగోలియా ఉంది, చైనాలోనే ఉన్న ఇన్నర్ మంగోలియా ఉంది, జపాన్, కొరియా ఉన్నాయి. వాద్యాలు వేరు, దయ్యాలు వేరు, మెటల్ కూడా వేరే. ఒకటి నచ్చినవాడికి ఇంకోటి నచ్చాలని లేదు. అందుకే వాడికి లింకులు పంపడం ఆపి ఇది రాయడానికి కూర్చున్నాను.

ముందు ఒక చిన్న పరీక్ష చెబుతాను. నేను దీన్ని కరివేపాకు పరీక్ష అంటాను. పాటలోంచి ఆ సంప్రదాయ వాద్యాన్ని తీసి పక్కన పెట్టేస్తే పాట అలాగే నిలబడుతోందా? నిలబడితే అది కూరలో కరివేపాకు. వాసనకి వేశారు, తినేటప్పుడు ఏరి పారేస్తాం. తీసేస్తే పాటే కూలిపోతోందా? అప్పుడు కూరే అది.

ఈ జాతి సంగీతంలో కరివేపాకు బ్యాండ్లు ఇన్ని ఉండటానికి బద్ధకం ఒక్కటే కారణం కాదు. పని నిజంగానే కష్టం. అర్‌హు అనే చైనా రెండు తీగల ఫిడేలునే తీసుకోండి. దాని అడుగు తీగ శ్రుతి సుమారు 293 హెర్ట్జ్. అక్కడి నుంచి పైకి అది పలికే మేరంతా డిస్టార్షన్ పెట్టి నాదాన్ని గరుకు చేసిన గిటార్లు, గాయకుడి గొంతు కలిసి ఆక్రమించుకున్న చోటే. రెండు గిటార్లు, డబుల్ కిక్ డ్రమ్ములు మోగుతుంటే పాముచర్మం బిగించిన ఆ చిన్న డబ్బా ఏం వినబడుతుంది? స్టేజీ మీదయితే ఇంకా అన్యాయం. మైకు కాస్త దగ్గరికి జరిపితే కూత పెడుతుంది, దూరం పెడితే మూగబోతుంది. దాంతో చాలామంది సులువైన దారి పడతారు. మొదట ఫిడేలు, మధ్యలో ఒకసారి వేణువు, మిగతాదంతా గిటార్లు. ఇంకా సులువు దారి, కీబోర్డులో రికార్డయిన ముక్కను నొక్కడం.

అసలుదా, కీబోర్డుదా అని కనిపెట్టడం మనకు పెద్ద కష్టం కాదు. కర్ణాటక వయొలిన్ విన్న చెవికి గమకం తెలుసు కదా. అర్‌హుకి వేలిపలక ఉండదు. వేలు తీగను చెక్కకు అదిమి నొక్కదు, గాలిలోనే తీగ మీద వాలుతుంది. కాబట్టి స్వరం నుంచి స్వరానికి జారుతూ పోతుంది, ఒత్తిడి పెంచితే స్వరమే కొంచెం పైకి వంగుతుంది. ఆ జారుడు లేకుండా మెట్లు దిగినట్టు ఠక్కుఠక్కున పలికితే అనుమానించండి. ఆదిలాబాద్ వైపు గోండుల కథలు పాడే ప్రధానులు వాయించే కిక్రి అనే ఫిడేలు విన్నవాళ్లయితే కమాను రాపిడికి ఎంత మట్టివాసన ఉంటుందో వాళ్లకి చెప్పక్కర్లేదు.

ఇంకో ప్రశ్న మిమ్మల్ని మీరే అడుక్కోవాలి. మీకు కావలసింది కథా, వాద్యమా? రెండూ సమంగా ఇచ్చే బ్యాండ్లు తక్కువ. కథ కోసం వెళ్లి వాద్యం బ్యాండ్ దగ్గర చిక్కుకుంటే విసుగొస్తుంది.

కథ కావాలంటే: థోనిక్

తైపేలో 1995లో పుట్టిన బ్యాండ్ ఇది. మెలోడిక్ డెత్, బ్లాక్ మెటల్ కలిసిన శైలి. రెండూ అరుపులతో నడిచే మెటల్ రకాలే. గాయకుడు ఫ్రెడ్డీ లిమ్, బేసిస్ట్ డోరిస్ యే ముఖాలు చాలామందికి తెలుసు. 2007లో అమెరికాలో ఓజ్‌ఫెస్ట్ అనే మెటల్ పండుగ యాత్రలో వాయించారు. ఫ్రెడ్డీ అయితే 2015లో న్యూ పవర్ పార్టీ పెట్టినవాళ్లలో ఒకడై, 2016 జనవరి ఎన్నికల్లో తైపే నుంచి పార్లమెంటుకి గెలిచాడు, 2020లో స్వతంత్రుడిగా మళ్లీ గెలిచాడు. ముఖానికి తెల్లరంగు, నల్లరంగు పూసుకుని అరిచే మనిషి బడ్జెట్ మీద ప్రశ్నలు అడగడం ఊహించుకోండి. ఇది సరదాకి చెప్పడం లేదు. థోనిక్ పాటల్లో చరిత్ర, రాజకీయం, దయ్యాల కథ విడదీయలేనట్టు అల్లుకుని ఉంటాయి.

జానపదం రుచి చూడాలంటే 2002 నాటి 'రిలెంట్‌లెస్ రికరెన్స్' నుంచి మొదలుపెట్టండి. దాని వెనకున్నది తైవాన్‌లో పిల్లలకి కూడా తెలిసిన లిన్ తౌ అక్క కథ. తైనాన్‌లో ఒక వితంతువు. సముద్రం అవతలి నుంచి వచ్చిన వర్తకుడొకడు ఆమెను నమ్మించి, డబ్బంతా కాజేసి పారిపోతాడు. ఆమె లిన్ తౌ చెట్టుకు ఉరేసుకుంటుంది. తర్వాత ఆ పొదల దగ్గర ఒకామె వచ్చి, ఆకులో చుట్టి ఉడికించిన అన్నం పొట్లాలు కొంటూ ఉంటుంది. తెల్లారి చూసుకుంటే అమ్మినవాడి దగ్గర ఉన్నది డబ్బు కాదు, చచ్చినవాళ్లకి తగలబెట్టే కాగితం నోట్లు. లిన్ తౌ అంటే ఏమిటో కాదు, మన మొగలి జాతి మొక్కే. మొగలి పొదలో పాముంటుందని మనం భయపడతాం, వాళ్లు ఆ అక్క ఉంటుందని భయపడతారు. ఆల్బమ్ రికార్డింగ్ ఇప్పటి చెవికి కొంచెం పలచగా అనిపిస్తుంది. అయినా ఆ రెండు తీగల ఫిడేలు ఏడుపు ఈ కథకి తగిలినంత బాగా వాళ్ల తర్వాతి వాటిలో తగల్లేదని నా అభిప్రాయం. ఇక్కడ కరివేపాకు ప్రశ్నే రాదు.

వాళ్లని ప్రపంచానికి పట్టించింది మాత్రం ఆ తర్వాతి మూడు. 2005 నాటి 'సీడిక్ బాలె' 1930 అక్టోబర్ 27న జరిగిన వూషె తిరుగుబాటు గురించి. అప్పట్లో తైవాన్‌ని ఏలుతున్న జపాన్ కింద వెట్టిచాకిరీ, అవమానాలు భరించలేక మోనా రుదావ్ నాయకత్వంలో సీడిక్ ఆదివాసులు ఒక బడి ఆటల పోటీల మీద దాడి చేశారు. 134 మంది జపనీయులు చనిపోయారు. దానికి జపాన్ సైన్యం చేసిన ప్రతీకారంలో తిరగబడ్డ ఊళ్లు దాదాపు తుడిచిపెట్టుకుపోయాయి. 2009 నాటి 'మిర్రర్ ఆఫ్ రెట్రిబ్యూషన్' 1947లో తైవాన్‌లో ప్రభుత్వమే జనాన్ని చంపించిన ఫిబ్రవరి 28 మారణకాండని తీసుకుని, అందులోంచి ఒక మనిషిని నరకానికి పంపుతుంది. చావుపుట్టుకల చిట్టా ఎత్తుకురావడానికి! ఆ నరకం మనకు కొత్తేమీ కాదు. అక్కడి రాజు యెన్‌లో బౌద్ధంతోపాటు నడిచివెళ్లిన మన యముడే. చచ్చినవాడి పాపాలు చూపించే అద్దం మాత్రం వాళ్ల సొంతం. మన దగ్గర ఆ పని చిత్రగుప్తుడిది కదా.

మూడోది, 2011 నాటి 'తకసాగో ఆర్మీ'. రెండో ప్రపంచయుద్ధంలో జపాన్ సైన్యంలో చేరి పోరాడిన తైవాన్ ఆదివాసుల కథ. తండ్రులని చంపిన సైన్యంలోనే కొడుకులు చేరడం అన్నమాట. వాళ్లలో ఒకడు యుద్ధం ముగిసిన సంగతి తెలియక ఇండోనేషియాలోని మొరొటై దీవి అడవిలో దాక్కుని 1974 డిసెంబర్‌లో దొరికాడు. ఈ మూడింట్లో ఒక్కటే వినే ఓపిక ఉంటే ఇదే వినండి. పాటలు పొట్టి, పల్లవులు పాడుకోవచ్చు, ఫిడేలు గిటార్ల మధ్య తొక్కుకుపోకుండా పైన నిలబడుతుంది.

ఒక చిక్కు మాత్రం దాచను. థోనిక్ పాడేది ప్రధానంగా తైవానీస్ హోక్లో భాషలో. సీడిక్ వాళ్ల భాష అది కాదు. బాధ ఒకరిది, పాట ఇంకొకరిది అన్న అసౌకర్యం నాకు 'సీడిక్ బాలె' విన్నప్పుడల్లా ఉంటుంది. అది మంచి ఆల్బమ్ కాదని దీని అర్థం కాదు.

ఇంకో చిట్కా. వాళ్లవి కొన్ని ఇంగ్లీషులో కూడా ఉన్నాయి. వాటి జోలికి పోకండి. హోక్లో పదం స్వరం మీద నడుస్తుంది, శ్రుతి మారితే అర్థమే మారుతుంది. ఆ ఎత్తుపల్లాలు అరుపులో కూడా వినబడతాయి. ఇంగ్లీషులో అదంతా చదునైపోయింది. గ్రోల్, అంటే ఆ గొంతు చించుకునే గరుకు అరుపు, అసలు పడనివాళ్లకి 2014లో వాళ్లే చేసిన 'టైమ్‌లెస్ సెంటెన్స్' ఉంది. అదే పాటలు కరెంటు గిటార్లు లేకుండా. ఇంట్లో స్పీకర్ మీద పెట్టినా ఎవరూ తిట్టరు. పూర్తి బలంతో, బాగా రికార్డయింది కావాలంటే 2013 నాటి 'బూ టిక్'.

గుర్రం కావాలంటే: మంగోల్ వాళ్లు

మోరిన్ ఖూర్ అంటే గుర్రం తల చెక్కిన ఫిడేలు. రెండే తీగలు, రెండూ గుర్రపు తోక వెంట్రుకలే. సంప్రదాయం చెప్పే లెక్క ప్రకారం ఒక తీగలో మగగుర్రం వెంట్రుకలు 130, రెండోదాంట్లో ఆడగుర్రం వెంట్రుకలు 105. పుట్టుక కథ కూడా గుర్రందే. ఒక గొర్రెలకాపరి తెల్లగుర్రాన్ని దొర చంపించేస్తాడు. అది కలలోకి వచ్చి, నా ఎముకలతో, చర్మంతో, వెంట్రుకలతో ఒక వాద్యం చేసుకో, నీ దగ్గరే ఉంటాను అంటుంది.

నా పరీక్షలో ఈ వాద్యం పుట్టుకతోనే పాసైపోయింది. కారణం లయ. స్టెప్పీ మైదానంలో వాద్యగాళ్లు తరతరాలుగా కమానుతో గుర్రం నడకను, పరుగును పలికిస్తూ వచ్చారు. ఇటు మెటల్‌లో గిటారిస్టులు 'గాలప్' అని పిలుచుకునే రిఫ్ (తిప్పితిప్పి వాయించే గిటార్ ముక్క) ఒకటుంది. పేరే గుర్రపు దౌడు. ఒకటి అక్కడి నుంచి, ఇంకోటి ఇక్కడి నుంచి వచ్చి మధ్యలో కలుసుకున్నాయి. పైగా మోరిన్ ఖూర్ గొంతు అర్‌హు కంటే లోతు, కాబట్టి గిటార్ పక్కన ఆడపడుచులా దెబ్బలాడకుండా కలిసిపోతుంది.

ఇక్కడ ఎంపిక మూడింటి మధ్య. ఉలాన్‌బాతర్ నుంచి వచ్చిన ద హు అందరికంటే పేరున్నవాళ్లు. 2018 చివర వీడియోలతో పాకిపోయారు, 2019లో 'ద గెరెగ్' ఆల్బమ్ వచ్చింది. అయితే ఇది ఎక్స్‌ట్రీమ్, అంటే బ్లాక్, డెత్ మెటల్ లాంటి అరుపుల రకం, కాదు. బరువైన రాక్, అంతే. గొంతులోంచి ఒకేసారి రెండు స్వరాలు తీసే ఖూమీ పాట ఉంటుంది గాని అరుపులు ఉండవు. మెటల్ అంటే భయపడే స్నేహితుణ్ని లాగాలంటే ఇదే ఎర. నాకు మాత్రం మూడో పాటకల్లా అన్నీ ఒకే వేగంతో నడుస్తున్నట్టుంటుంది.

నైన్ ట్రెజర్స్ ఇన్నర్ మంగోలియా కుర్రాళ్లు, బీజింగ్‌లో స్థిరపడ్డారు. 2013లో జర్మనీలోని వాకెన్ మెటల్ పండుగలో వాయించారు. మంగోల్ భాషలో పాడతారు, గొంతు గరుకే గాని గ్రోల్ తక్కువ, చిందేయించే రకం ఫోక్ మెటల్. పార్టీకి బాగుంటుంది.

మా వాడు అడిగినదానికి దగ్గరది టెంగర్ కావల్రీ. నేచర్ గంగన్‌బైగల్ 2010లో బీజింగ్‌లో మొదలుపెట్టి న్యూయార్క్‌కి తీసుకెళ్లిన బ్యాండ్. డెత్ మెటల్ బరువు, ఖూమీ, మోరిన్ ఖూర్ మూడూ ఒకేచోట కావాలంటే వీళ్లే. 'బ్లడ్ శాక్రిఫైస్ షామన్' పచ్చిగా ఉంటుంది, 2014 నాటి 'ఏన్షియంట్ కాల్' గట్టిగా కుదిరింది. నేనైతే రెండోది చెబుతాను. నేచర్ 2019లో ఇరవై తొమ్మిదేళ్లకే చనిపోయాడు. సినిమా సంగీతం చదువుకున్నవాడు, ఇంకా చాలా చేసేవాడు. ఇవి వింటుంటే ఆ సంగతి మనసులో మెదులుతూనే ఉంటుంది.

జపాన్ సంగతి

జపాన్‌లో సరుకు ఎక్కువ, అందులో మనకి పనికొచ్చేది ఏరుకోవాలి. మూడు పేర్లు చాలు.

సై అనే బ్యాండ్. మన 'సై అంటే సై' కాదు, ఇంగ్లీషులో నిట్టూర్పు. టోక్యోలో మొదలై, మొదటి ఆల్బమ్ 'స్కార్న్ డిఫీట్' 1993లో నార్వే బ్లాక్ మెటల్ గుంపు నడిపిన డెత్‌లైక్ సైలెన్స్ లేబుల్ మీద తెచ్చారు. ఆసియా నుంచి ఒక బ్యాండ్ ఆ గూటిలోకి అంత తొందరగా వెళ్లడం చిన్న విషయం కాదు. విచిత్రమేమిటంటే జపాన్ వాద్యాలు వాళ్ల సంగీతం నిండా పరుచుకున్నది ఎప్పుడో తర్వాత, 2018 'ఎయిర్ టు డెస్పెయిర్', 2022 'షికి' ఆల్బమ్‌లలో. నాయకుడు మిరాయ్ కవషిమా షాకుహాచి అనే వెదురు వేణువు తనే పట్టాడు, షామిసెన్ కూడా వినబడుతుంది. 'షికి' అనే మాటకి జపనీస్‌లో నాలుగు ఋతువులు అనీ, చావు ఘడియ అనీ రెండర్థాలు పలుకుతాయి. వయసు మీదపడుతున్న మనిషి భయం అందులో ఉంది. ఇరవై ఏళ్లవాడికి ఎక్కుతుందో లేదో గాని నలభై దాటినవాళ్లకి తగులుతుంది.

షామిసెన్ గురించి ఒక్క మాట. మూడు తీగలు, పెద్ద కట్టెబిళ్లతో కొడతారు. దాని లావు తీగకి 'సవారి' అని ఒక ఏర్పాటు ఉంటుంది, తీగ జుమ్మని గీరుతున్నట్టు మోగుతుంది. తంబురాలో తీగ కింద దారం జరిపి జీవం తెప్పిస్తాం చూడండి, అదే రుచి. డిస్టార్షన్ అంటే కూడా ఇంచుమించు ఇదే కదా, శుభ్రమైన నాదాన్ని కావాలని గరుకు చేయడం. అందుకే షామిసెన్, గిటార్ పక్కపక్కన పెడితే చుట్టాల్లా ఉంటాయి.

ర్యూజిన్ హొక్కైడో వాళ్లు. ఇదివరకు గైజ్ అనే పేరుతో వాయించేవారు, 2023లో పేరు మార్చుకున్నారు. ర్యూజిన్ అంటే సముద్రాన్ని ఏలే నాగదేవుడు. 2024 జనవరిలో వచ్చిన ఆల్బమ్‌కి ట్రివియమ్ అనే అమెరికా మెటల్ బ్యాండ్ గాయకుడు మాట్ హీఫీ నిర్మాత. వేగం, మెలోడీ, జిగేలుమనే సోలోలు. నాయకుడు ర్యోజి అర్‌హు కూడా వాయిస్తాడు. చెవికి ఇంపే. కానీ కరివేపాకు పరీక్ష పెడితే సగం పాటలే గట్టెక్కుతాయి. వీడియో గేమ్ బాస్ ఫైట్ మ్యూజిక్ ఇష్టపడేవాళ్లు మాత్రం కళ్లు మూసుకుని ఇది తీసుకోవచ్చు.

ఒన్మ్యోజా ఎక్స్‌ట్రీమ్ కాదని ముందే చెబుతున్నాను. 1999లో ఒసాకాలో పుట్టిన ఈ బ్యాండ్ తనను తాను 'యోకాయి హెవీ మెటల్' అని పిలుచుకుంటుంది. యోకాయి అంటే జపాన్ ఊళ్లలోని దయ్యాలూ భూతాలూ వింతజీవాలూ అన్నీ కలిపి. ఒక ఆడగొంతు, ఒక మగగొంతు, పాటలన్నీ ఆ కథలే. సంప్రదాయ వాద్యాల కోసం వెళ్తే నిరాశపడతారు, జానపదం కోసం వెళ్తే పండగే. 2011లో వచ్చిన 'కిషిబోజిన్' ఆల్బమ్ పేరు మనల్ని ఆపి అడగాలి. కిషిబోజిన్ అంటే హారీతి. ఊళ్లో పిల్లల్ని ఎత్తుకెళ్లి తినే యక్షిణి. బుద్ధుడు ఆమె చివరి బిడ్డను దాచేసి బుద్ధి చెబితే పిల్లల్ని కాపాడే తల్లిగా మారుతుంది. ఆమెకు మన నాగార్జునకొండలో గుడి ఉండేది, తవ్వకాల్లో బయటపడింది. కృష్ణ ఒడ్డున పూజలందుకున్న తల్లి పేరు ఒసాకా బ్యాండ్ ఆల్బమ్ మీదికి ఎక్కడానికి సుమారు పదిహేడు వందల ఏళ్లు పట్టిందన్నమాట.

నా పరీక్ష ఫెయిలైన చోటు

చైనాలోని షాన్‌డాంగ్ రాష్ట్రం జినాన్ నుంచి జురియాకే అనే బ్యాండ్. పేరుకి అర్థం శవాలు పాతిన సరస్సు. స్టేజీ మీద వెడల్పు వెదురు టోపీలు, గడ్డితో అల్లిన వానకోట్లు వేసుకుంటారు, ముఖాలు కనబడవు. ఎవరో ముసురులో చేపలు పట్టడానికి బయలుదేరి దారి తప్పినట్టుంటారు. 2007లో 'యి చ్యూ', 2015లో 'గు యెన్' వచ్చాయి. రెండోదాని అర్థం ఒంటరి బాతు, గుంపు తప్పిపోయిన వలస బాతు.

వీళ్ల పాటల్లో వెదురు వేణువు అక్కడక్కడే వస్తుంది. తీసేస్తే పాట నిలబడుతుంది. నా లెక్కన కరివేపాకే. కానీ ఇక్కడ చెప్పిన అన్నింటిలోకీ చైనా గాలి ఎక్కువగా వీచేది ఇందులోనే. సిరాతో గీసిన పాత చైనా బొమ్మల్లో కొండ సగం మంచులో కలిసిపోయి ఉంటుంది చూడండి, గీయకుండా వదిలిన ఖాళీయే బొమ్మలో ఎక్కువ. వీళ్ల గిటార్లు ఆ మంచులా పరుచుకుంటాయి, ఎక్కడో లోపల మనిషి గొంతు ఏడుస్తుంది. పది నిమిషాల పాటలో పెద్దగా ఏమీ జరగదు. జానపదం వాద్యంలోనే ఉండాలని లేదని నాకు నేర్పింది వీళ్లే. వానాకాలం రాత్రి, హెడ్‌ఫోన్లు, 'గు యెన్'. పగలు బస్సులో వింటే మాత్రం ఏమీ అర్థం కాదు, డబ్బులు దండగ అనిపిస్తుంది.

వాద్యమే కావాలంటే: జంబినాయి

సియోల్‌లో 2009లో మొదలైన బృందం. మెటల్ అని రాస్తే కొందరు ఒప్పుకోరు, పోస్ట్ రాక్ అంటారు. ఏమన్నా అనుకోండి, బరువులో ఎవరికీ తీసిపోరు. మొదలుపెట్టిన ముగ్గురూ కొరియా సంప్రదాయ సంగీతం కాలేజీలో చదువుకున్నవాళ్లు. అంటే మెటల్ బ్యాండ్ ఒక వాద్యగాణ్ని అద్దెకు తెచ్చుకోవడం కాదు, వాద్యగాళ్లే మెటల్‌ని తమ దగ్గరికి తెచ్చుకోవడం. తేడా మొదటి నిమిషంలోనే తెలుస్తుంది.

గొమున్‌గో అనే ఆరు తీగల పొడుగు వాద్యం ఉంటుంది. దాన్ని మీటరు, వెదురు పుల్లతో కొడతారు. తీగ మీద పడిన పుల్ల కింద చెక్కకి కూడా తగిలి డప్పు దెబ్బలా మోగుతుంది. జంబినాయిలో రిఫ్ వాయించేది అదే. గిటార్ దానికి వంత పాడుతుంది. హేగుమ్ అనే రెండు తీగల ఫిడేలు అరుపుల పని చేస్తుంది, గాయకుడి అవసరమే తక్కువ. తీసేసి చూడండి, పాట అనేదే మిగలదు. నా పరీక్షలో నూటికి నూరు.

ఒకరోజు నేను వీళ్లని స్పీకర్ మీద పెట్టి వంటింట్లోకి వెళ్లాను. అమ్మ వరండాలోంచి, "ఎవరింట్లోరా పెళ్లి, సన్నాయి వినబడుతోంది?" అంది. తేప్యొంగ్సో అది. చెక్క గొట్టం, రెండు పీకల నాలుక, చివర లోహపు గంట. మన సన్నాయి కుటుంబమే, పారశీకం వైపు నుంచి రెండు దిక్కులకీ పాకిన వాద్యం. ఆ తర్వాత డ్రమ్ములు దిగేసరికి అమ్మ పెళ్లి మాట మళ్లీ ఎత్తలేదు.

2018 ప్యాంగ్‌చాంగ్ శీతాకాల ఒలింపిక్స్ ముగింపు వేడుకలో వీళ్లు వాయించారు. మొదట వినాల్సింది 2016 నాటి 'ఎ హెర్మిటేజ్', తర్వాత 2019 'ఒండా'. కథలు, దయ్యాలు, యుద్ధాలు కోరేవాళ్లకి ఇక్కడ ఏమీ దొరకదు.

మరి ఏది తీసుకోవాలి?

ఇళయరాజా తీగల అమరిక చెవిలో ఉండి, అరుపులంటే వణుకు ఉంటే జంబినాయి, లేదా థోనిక్ వాళ్ల 'టైమ్‌లెస్ సెంటెన్స్'. ఐరన్ మెయిడెన్, మెటాలికా దగ్గర ఆగిపోయినవాళ్లకి ఒన్మ్యోజా దగ్గరిదారి, అక్కడి నుంచి ర్యూజిన్. స్వీడన్ డెత్ మెటల్ ఇప్పటికే వింటున్నారంటే సందేహం అక్కర్లేదు, 'తకసాగో ఆర్మీ'. నార్వే బ్లాక్ మెటల్ మంచులో పెరిగినవాళ్లు నేరుగా జురియాకేకి వెళ్లిపోవచ్చు. జిమ్‌కి, బండి మీద ఊరెళ్లడానికి టెంగర్ కావల్రీ. అన్నీ విని విసుగెత్తిపోయిన ముదురు చెవులకి సై.

ఒకేరోజు రెండు దేశాలు పెట్టుకోకండి. అర్‌హు, హేగుమ్, మోరిన్ ఖూర్ మూడూ రెండు తీగల ఫిడేళ్లే. వరసగా వింటే మొదట్లో అన్నీ ఒకేలా అనిపించి, మా వాడిలాగా "చైనా ఫిడేలు" అనేస్తారు. ఒక వారం ఒకటే వినండి. ఆల్బమ్ పెట్టేముందు దాని వెనకున్న కథ పది నిమిషాలు చదువుకోండి, ముఖ్యంగా థోనిక్‌కి. వూషెలో ఏం జరిగిందో తెలియకుండా 'సీడిక్ బాలె' వినడం హరికథలో హరిదాసు చిడతలు మాత్రమే విని లేచి వచ్చేయడం లాంటిది. ఇంకొకటి, ఫోన్ స్పీకర్ మీద దయచేసి వద్దు. అడుగు స్వరాలు పోయి, ఫిడేలు దోమలా మిగులుతుంది.

మా వాడికి ఇవన్నీ చెప్పి, నువ్వు అడిగినదానికి 'రిలెంట్‌లెస్ రికరెన్స్' సరిపోతుంది, రికార్డింగ్ పాతది, ఓపిక పట్టు అని పంపించాను. నాలుగు రోజులు జవాబు లేదు. ఐదోరోజు రాత్రి ఒంటిగంటకి మెసేజ్:

"బాబాయ్, మొగలి అంటే కేవ్డానేనా? మా హాస్టల్ వెనక ఏదో పొద ఉంది."

"అవును, బిర్యానీలో దాని నీళ్లే చల్లుతారు. నీ హాస్టల్ వెనకది కలబందై ఉంటుంది, పడుకో" అని పెట్టాను.